ముందు ప్రశ్నలు, ఆ తర్వాతే మోడల్

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే చాలామంది యువ ప్రోగ్రామర్ల చేతికి ఒక క్లౌడ్ డేటాబేస్, దాన్ని వాడుకోవడానికి ఒక చిన్న లైబ్రరీ వస్తాయి. పైథాన్‌లో ఒక క్లాస్ రాస్తారు, దానికి నాలుగు ఫీల్డులు పెడతారు. ‘సేవ్’ అంటే డేటా వెళ్లి కూర్చుంటుంది, ‘గెట్’ అంటే తిరిగొస్తుంది. మధ్యాహ్నానికల్లా డెమో సిద్ధం. ఆ సంతోషం న్యాయమైనదే. కానీ కొన్ని నెలలు తిరిగేసరికి అదే కోడ్ నెమ్మదిస్తుంది, నెలాఖరు బిల్లు పెరుగుతుంది, ఒకరు దిద్దిన లెక్క ఎవరికీ తెలియకుండా చెరిగిపోతుంది. అప్పుడు అందరూ లైబ్రరీని తిట్టుకుంటారు. నిజానికి అది ఏ పని చేస్తుందో, ఏ పని మనకే వదిలేస్తుందో ముందే తెలుసుకోకపోవడం దగ్గరే చిక్కంతా ఉంది.

ఆ చిక్కు విప్పడమే ఈ అధ్యాయం ఉద్దేశం. ఉదాహరణకు అమెజాన్ వారి డైనమోడీబీని, దాని మీద పైథాన్‌లో వాడే పైనమోడీబీ అనే తేలికపాటి లైబ్రరీని తీసుకుందాం. మీరు ఫైర్‌స్టోర్ మీదో, మోంగోడీబీ మీదో పనిచేస్తున్నా ఈ అలవాట్లు అక్కరకొస్తాయి. ఇలాంటి లైబ్రరీ మీకు టైపింగ్ తగ్గిస్తుంది. ఆలోచన మాత్రం మీరే చేయాలి. అది ఎక్కడెక్కడ చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ డేటాబేస్ పుట్టుక తెలిస్తే సగం పని అయినట్టే

2004 ప్రాంతంలో అమెజాన్ వ్యాపారం శరవేగంగా పెరుగుతుంటే, వారు వాడుతున్న రిలేషనల్ డేటాబేస్ ఆ రద్దీని మోయలేని స్థితికి చేరింది. తమ సాఫ్ట్‌వేర్ అసలు డేటాబేస్‌ను ఏమని అడుగుతోందో వాళ్లు లెక్క తీశారు. దాదాపు 70 శాతం సందర్భాల్లో ఒకే కీ ఇచ్చి ఒకే వరుసను తెచ్చుకుంటున్నారు. మరో 20 శాతం సందర్భాల్లో కొన్ని వరుసలు తెచ్చుకుంటున్నా, అవన్నీ ఒకే టేబుల్‌వి. పలు టేబుళ్లను కలిపే జాయిన్‌ల అవసరం చాలా తక్కువ. ఆ గమనింపులోంచి డైనమో అనే అంతర్గత వ్యవస్థ పుట్టింది. దాని గురించిన పరిశోధన పత్రం 2007లో వెలువడింది. 2012 జనవరిలో డైనమోడీబీ అందరూ వాడుకోగల సేవగా వచ్చింది. ఇప్పుడు ముంబై, హైదరాబాద్ రీజియన్లలోనూ అది అందుబాటులో ఉంది.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్లు డేటా ఎలా ఉందో చూడటంతో ఆగలేదు, డేటాను ఏ ప్రశ్నలు అడుగుతున్నామో చూశారు. ఆ డేటాబేస్‌తో పనిచేసే మనం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. కాలేజీలో నేర్పిన పద్ధతి వేరు. అక్కడ ముందు టేబుళ్లు గీసి, నార్మలైజ్ చేసి, ప్రశ్నల సంగతి తర్వాత చూసుకుంటాం. ఇక్కడ ఆ క్రమం తిరగబడుతుంది. ప్రశ్నలు తెలియకుండా మోడల్ క్లాస్ రాయడం నేల విడిచి సాము చేయడమే.

కాగితం మీద మొదటి గంట

ఒక డెయిరీకి ఊళ్లలో ఉన్న పాల కేంద్రాల లెక్కలు మీకు అప్పజెప్పారనుకోండి. రైతులు పొద్దునా సాయంత్రం పాలు తెచ్చి పోస్తారు. కేంద్రంలో లీటర్లు కొలుస్తారు, ఫ్యాట్ చూస్తారు, చీటీ ఇస్తారు. పదిహేను రోజులకోసారి బిల్లు పడుతుంది. ల్యాప్‌టాప్ తెరిచే ముందు కాగితం మీద ఈ ప్రశ్నలు రాయండి.

ఒకటి: ఈ సభ్యుడు ఈ పదిహేను రోజుల్లో ఏ పూట ఎన్ని పాలు పోశాడు?
రెండు: ఈ పూట ఈ కేంద్రానికి మొత్తం ఎన్ని లీటర్లు వచ్చాయి?
మూడు: ఫలానా తేదీ, ఫలానా పూట ఇచ్చిన చీటీలో ఏముంది?

ఈ మూడూ రాసుకుని, కేంద్రం కార్యదర్శి దగ్గరకు వెళ్లి కూర్చోండి. ఆయన మీ కాగితం చూసి, “ఏం బాబూ, ఆవు పాలు, గేదె పాలు ఒకే చీటీ మీద ఎక్కిస్తామా? రేటు వేరు కదా!” అంటారు. ఆ ఒక్క మాటతో మీ కీ మారిపోతుంది. ఒకే పూట ఒకే సభ్యుడు రెండు రకాల పాలు పోయవచ్చు. సభ్యుడు, తేదీ, పూట మాత్రమే కీలో పెట్టి ఉంటే, గేదె పాల చీటీ ఆవు పాల చీటీని తుడిచేసి ఉండేది. ఈ సంగతి ఏ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లోనూ దొరకదు. పాలు పోయించుకునే మనిషికే తెలుస్తుంది. అందుకే మొదటి గంట కాగితానికీ, పని తెలిసిన మనిషికీ ఇవ్వండి.

కీలు కుదిరితే మోడల్ కుదిరినట్టే

పైనమోడీబీలో మోడల్ అంటే ఒక పైథాన్ క్లాస్. లోపల ‘మెటా’ అనే చిన్న క్లాసులో టేబుల్ పేరు, రీజియన్ చెబుతారు. ఆ తర్వాత ఒక్కో ఫీల్డునూ దాని రకంతో ప్రకటిస్తారు: అక్షరాలకు యూనికోడ్ యాట్రిబ్యూట్, అంకెలకు నంబర్ యాట్రిబ్యూట్, ఇలా. వాటిలో ఒకదాన్ని హ్యాష్ కీ అంటారు, కావాలంటే ఇంకొకదాన్ని రేంజ్ కీ అంటారు. ఏ ఐటమ్, అంటే ఇక్కడ ఏ చీటీ, ఏ విభాగంలో ఉండాలో హ్యాష్ కీ నిర్ణయిస్తుంది. ఆ విభాగంలోని ఐటమ్‌లు ఏ వరుసలో ఉండాలో రేంజ్ కీ నిర్ణయిస్తుంది.

మన మొదటి ప్రశ్న ఒక సభ్యుడి గురించి కాబట్టి హ్యాష్ కీ కేంద్రం నంబరు, సభ్యుడి నంబరు కలిపినది: 017-0042. రేంజ్ కీలో తేదీ, పూట, పాల రకం వరుసగా వస్తాయి: 2025-06-05#1#2. పొద్దుటికి 1, సాయంత్రానికి 2. ఆవుకు 1, గేదెకు 2. సభ్యుడి నంబరుకు ముందు సున్నాలు ఎందుకంటే, కాసేపట్లో చూసే ఇండెక్స్‌లో అది రేంజ్ కీ అవుతుంది, అక్షరాలుగా పోల్చినప్పుడు 9 అనేది 10 కంటే తర్వాత వస్తుంది. తేదీలో సంవత్సరం ముందు రాయడానికీ కారణం అదే. అక్షరాల వరుసా కాలక్రమమూ అప్పుడు ఒకటవుతాయి.

ఇప్పుడు జూన్ 1 నుంచి 15 దాకా లెక్క కావాలి. రేంజ్ కీ ‘2025-06-01’కీ ‘2025-06-15’కీ మధ్య ఉన్నవి ఇవ్వమని అడుగుతారు. కోడ్ చక్కగా నడుస్తుంది. కానీ 15వ తేదీ పాలు ఒక్క చుక్క కూడా లెక్కలోకి రావు. ఎందుకంటే ‘2025-06-15#1#2’ అనే కీ ‘2025-06-15’ కంటే పొడవైనది, వరుసలో దాని తర్వాత ఉంటుంది. పై హద్దు ‘2025-06-16’ అని పెడితే సరిపోతుంది. ఎర్రర్ ఏదీ రాదు, టెస్టు కూడా పట్టుకోకపోవచ్చు, ఒక రోజు పాల డబ్బు మాత్రం రైతుకు అందదు. కీలను ఇంత దగ్గరగా చూడమనేది ఇందుకే.

మూడో ప్రశ్నకు ఈ కీలే చాలు. రెండో ప్రశ్న, అంటే పూట మొత్తం, ఈ కీలతో తేలదు. దానికి గ్లోబల్ సెకండరీ ఇండెక్స్ కావాలి. పైనమోడీబీలో దానికీ ఒక చిన్న క్లాస్ రాసి మోడల్‌లో చేరుస్తారు. కేంద్రం, తేదీ, పూట కలిపి ఇండెక్స్ హ్యాష్ కీ, సభ్యుడి నంబరు రేంజ్ కీ. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఇండెక్స్ కూడా ఒక నకలే, కాబట్టి ప్రతి రాతకూ దాని ఖర్చు అదనం. పైగా ఆ నకలు అసలు టేబుల్ కంటే క్షణకాలం వెనకబడవచ్చు. చివరి రైతు పాలు పోసిన మరుక్షణమే మొత్తం చూస్తే ఆయన లీటర్లు అందులో లేకపోవచ్చు. తెర మీద చూపడానికి అది ఫరవాలేదు. ట్యాంకరుకు ఇచ్చే లెక్కను మాత్రం కాసేపాగి మళ్లీ సరిచూసుకునేలా రాయండి.

ఒక్క లైను కింద ఎంత ఖర్చుందో లెక్క కట్టండి

పైనమోడీబీలో ఒక హ్యాష్ కీ కింద ఉన్నవే చదివే క్వెరీ, టేబుల్ అంతా చదివే స్కాన్ రెండూ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. రెండింటినీ ఫర్ లూప్‌లో పెట్టి తిప్పవచ్చు. పేజీలు మారినప్పుడు తర్వాతి పేజీని లైబ్రరీయే అడిగి తెచ్చుకుంటుంది. ఆ సౌకర్యమే కొత్తవారి కళ్లు కప్పుతుంది. కాబట్టి అంకెలు వేసి చూద్దాం.

ఒక కేంద్రంలో 300 మంది సభ్యులు. రోజుకు రెండు పూటలు, ఒకే రకం పాలు. ఏడాదికి 2,19,000 ఐటమ్‌లు. ఒక్కో ఐటమ్ 200 బైట్లు అనుకుందాం. డైనమోడీబీలో ఒక రీడ్ యూనిట్ అంటే 4 కేబీ. పైనమోడీబీ మామూలుగా వాడే, తాజా రాత ఒక్కోసారి కనిపించని ఈవెంచువల్ కన్సిస్టెన్సీ రీడ్‌కు అందులో సగమే పడుతుంది.

ఒక సభ్యుడి పదిహేను రోజుల లెక్క 30 ఐటమ్‌లు, 6,000 బైట్లు. క్వెరీ ఆ మొత్తాన్ని కలిపి ఒకేసారి 4 కేబీల లెక్కన పైకి సవరిస్తుంది. అంటే 8 కేబీ, ఖర్చు 1 యూనిట్. ఒక్కసారి వెళ్లి రావడంతో పని పూర్తి.

అదే 30 ఐటమ్‌లను లూప్‌లో 30 సార్లు గెట్‌తో తెస్తే ఒక్కోదాన్నీ విడిగా 4 కేబీకి సవరిస్తుంది. ఖర్చు 15 యూనిట్లు, ముప్పై సార్లు నెట్‌వర్క్ మీద ప్రయాణం.

స్కాన్ పెట్టి, ‘సభ్యుడి నంబరు ఇదైతేనే ఇవ్వు’ అని ఫిల్టర్ రాస్తే ఆ ఒక్క కేంద్రం ఏడాది డేటా మొత్తం, దాదాపు 4.38 కోట్ల బైట్లు, చదవాల్సిందే. ఖర్చు సుమారు 5,350 యూనిట్లు. ఒక్కో పేజీ 1 ఎంబీ మించదు కాబట్టి నలభైకి పైగా ప్రయాణాలు. ఫిల్టర్ ఖర్చును తగ్గించదు. డేటా అంతా చదివిన తర్వాతే అది ఏరుతుంది.

మూడు చోట్లా జవాబు ఒకటే. ఒక దగ్గర 1, ఒక దగ్గర 15, ఒక దగ్గర 5,350. మీ ల్యాప్‌టాప్‌లో పది ఐటమ్‌ల మీద పరీక్షించినప్పుడు ఈ తేడా కనిపించదు. కేంద్రాలు వంద అయినప్పుడు కనిపిస్తుంది. లైబ్రరీలో ఏ పద్ధతిని వాడినా ‘దీని కింద క్లౌడ్‌కు ఎన్ని పిలుపులు వెళ్తున్నాయి, ఒక్కోటి ఎంత చదువుతోంది’ అని అడిగి, జవాబు కాగితం మీద వేయండి. వారం రోజులు చేస్తే అలవాటైపోతుంది.

గుంపుగా రాయాల్సినప్పుడు లైబ్రరీ నిజంగా మేలు చేస్తుంది. డైనమోడీబీ ఒక బ్యాచ్ రాతలో 25 ఐటమ్‌లే తీసుకుంటుంది. రద్దీలో కొన్నిటిని రాయకుండా తిప్పి పంపవచ్చు కూడా. పైనమోడీబీ బ్యాచ్ రైట్ వాటిని 25 చొప్పున విడగొట్టి పంపుతుంది, మిగిలిపోయినవి మళ్లీ పంపుతుంది. పాత పుస్తకాల లెక్కలు ఎక్కించేటప్పుడు దీన్ని ధైర్యంగా వాడండి. బ్యాచ్‌లో షరతులు పెట్టే వీలు లేదన్నది మాత్రం మరవకండి.

‘సేవ్’ అనే చిన్న మాటలో పెద్ద ప్రమాదం

ఈ అధ్యాయంలో ఒక్క విభాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

రైతు 5.5 లీటర్లు పోశాడు, ఫ్యాట్ 4.1 వచ్చింది. కేంద్రంలో హడావుడిగా 5 లీటర్లు, 3.1 అని ఎక్కించారు. సాయంత్రం కార్యదర్శి తన ట్యాబ్‌లో ఆ చీటీ తెరిచి లీటర్లు దిద్దుతున్నారు. అదే సమయానికి డెయిరీ ఆఫీసులో గుమస్తా కంప్యూటర్‌లో అదే చీటీ తెరిచి ఫ్యాట్ దిద్దుతున్నారు. ఇద్దరి చేతుల్లోనూ పాత ఐటమ్ నకలు ఉంది. గుమస్తా ముందు సేవ్ నొక్కారు: 5 లీటర్లు, 4.1. కార్యదర్శి తర్వాత సేవ్ నొక్కారు: 5.5 లీటర్లు, 3.1. రెండోది మొదటిదాన్ని తుడిచేసింది. ఇద్దరి తెర మీదా ‘విజయవంతం’ అనే కనిపించింది.

కారణం ఏమిటంటే, పైనమోడీబీలో సేవ్ ఐటమ్ మొత్తాన్ని తీసుకెళ్లి పాతదాని స్థానంలో పెడుతుంది. మీరు మార్చింది ఒక్క ఫీల్డు అయినా సరే. దీనికి మూడు మందులున్నాయి, మూడూ లైబ్రరీలోనే ఉన్నాయి.

మొదటిది అప్‌డేట్. ఐటమ్ మొత్తం పంపకుండా, ‘ఫ్యాట్ ఫీల్డును 4.1 చెయ్యి’ అని ఆ ఒక్క చర్యనే పంపడం. అప్పుడు లీటర్లు దిద్దేవారి పనికి ఇది అడ్డు రాదు. వేర్వేరు ఫీల్డులను వేర్వేరు మనుషులు దిద్దే చోట ఇదే మేలు.

రెండోది వెర్షన్ యాట్రిబ్యూట్. మోడల్‌లో ఇదొక్కటి చేరిస్తే, ప్రతి సేవ్‌తోనూ ఒక అంకె పెరుగుతుంది. నేను చదివినప్పటి అంకె ఇంకా అలాగే ఉంటేనే రాయి అనే షరతు తనంతట తనే జతవుతుంది. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే రాత ఆగిపోయి ఎక్సెప్షన్ వస్తుంది. అప్పుడు తాజా ఐటమ్ మళ్లీ చదివి, మనిషికి చూపించి, దిద్దుబాటు మళ్లీ చేయించాలి. ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని మౌనంగా మింగేసే కోడ్ మాత్రం ఎప్పుడూ రాయకండి. మింగేశారంటే రక్షణ తీసేసినట్టే.

మూడోది షరతుతో సేవ్. ‘ఈ కీతో ఐటమ్ ఇప్పటికే లేకపోతేనే రాయి’ అని చెప్పవచ్చు. కొత్త చీటీ పాత చీటీని తుడవకుండా ఇది కాపాడుతుంది. ఊళ్లలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ట్యాబ్ ఒకే చీటీని రెండుసార్లు పంపవచ్చు. ప్రతిసారీ కొత్త యాదృచ్ఛిక నంబరు కీగా పెట్టి ఉంటే అది రెండు చీటీలయ్యేది. సభ్యుడు, తేదీ, పూట, రకం మీద కీ కట్టాం కాబట్టి రెండోసారి వచ్చిన చీటీ అదే గడిలో పడుతుంది, షరతు దాన్ని గుర్తుపడుతుంది.

మొత్తాన్ని పెంచుతూ పోయే కౌంటర్ల విషయంలో మరీ జాగ్రత్త. జవాబు రావడం ఆలస్యమైతే పైనమోడీబీ తనే మళ్లీ ప్రయత్నిస్తుంది. మొదటి పిలుపు నిజానికి పనిచేసి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉంటే ‘5 లీటర్లు కలుపు’ అన్నది రెండుసార్లు కలుస్తుంది. డబ్బుతో ముడిపడ్డ మొత్తాలను చీటీల నుంచే కూడండి. 30 చీటీలు కూడటానికి పట్టేది ఒక్క యూనిట్ అని ఇందాకే చూశాం.

అంకెలు, గడియారం, తెలుగు అక్షరాలు

పైనమోడీబీ నంబర్ యాట్రిబ్యూట్ దశాంశ సంఖ్యను తిరిగి ఇచ్చేటప్పుడు పైథాన్ ఫ్లోట్‌గా ఇస్తుంది. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డబ్బు లెక్కలో ఇది పనికిరాదు. లీటర్లను మిల్లీలీటర్లుగా, రూపాయలను పైసలుగా, ఫ్యాట్ 4.1ని 41గా, అంటే పూర్ణాంకాలుగా దాచండి. తెర మీద చూపేటప్పుడు మాత్రమే చుక్క పెట్టండి.

యూటీసీ డేట్‌టైమ్ యాట్రిబ్యూట్ పేరుకు తగ్గట్టే కాలాన్ని యూటీసీలో దాస్తుంది. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. పొద్దున 5 గంటలకు పోసిన పాలు యూటీసీలో ముందురోజు రాత్రి 11.30 అవుతాయి. ఆ ఫీల్డు నుంచి తేదీ తీసి బిల్లు వేస్తే, జూన్ 1 పొద్దుటి పాలు మే నెల బిల్లులో పడతాయి. అందుకే చీటీ తేదీని ఊరి క్యాలెండర్ ప్రకారం విడిగా రాసుకోవాలి. యూటీసీ సమయం ఎప్పుడు నమోదైందో తెలియడానికి మాత్రమే.

ఇక మన భాష సంగతి. డైనమోడీబీ అక్షరాలను యూటీఎఫ్-8లో దాస్తుంది. ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు. ‘పాలకొల్లు’ అనే ఊరి పేరులో ఒత్తు, గుణింతం అన్నీ కలిపి 9 సంకేతాలు, 27 బైట్లు. అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో 9 బైట్లే. రాతకు 1 కేబీ ఒక యూనిట్, ఐటమ్ మొత్తం 400 కేబీ దాటకూడదు కాబట్టి, తెలుగులో పొడవైన వివరణలు దాచేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. దీన్ని చూసి తెలుగు మానేయకండి. రైతు పేరు రైతు చదవగలిగే లిపిలోనే ఉండాలి. ఫీల్డు పేర్లు కూడా ప్రతి ఐటమ్ బరువులో కలుస్తాయి గనుక, పొదుపు అక్కడ చేయండి. కోడ్‌లో అర్థవంతమైన పొడవు పేరు ఉంచి, డేటాబేస్‌లో ఒకటి రెండు అక్షరాల పేరు వాడే వీలు పైనమోడీబీ ఇస్తుంది.

ఇంకో సూక్ష్మం. ‘సుధాకర్’ అని టైప్ చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే గుర్తును చేరుస్తాయి. తెర మీద రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి. డేటాబేస్ దృష్టిలో ఒకటి 21 బైట్లు, ఇంకొకటి 24 బైట్లు, రెండూ వేర్వేరు. అలాగే ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. కాబట్టి తెలుగు పేర్లను కీలుగా పెట్టకండి, నంబర్లు పెట్టండి. పేరుతో వెతకాల్సి వస్తే, దాచేటప్పుడూ వెతికేటప్పుడూ ఒకే రకంగా శుభ్రం చేయండి. పైథాన్‌లోని యూనికోడ్ నార్మలైజేషన్ ఐత్వాన్ని సరిచేస్తుంది. కనిపించని గుర్తును మీరే తీసేయాలి.

మోడల్ మారే రోజు వస్తుంది

ఆరు నెలలయ్యాక డెయిరీ వారు పాలలో కొవ్వు కాని ఘనపదార్థాల శాతమైన ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా నమోదు చేయమంటారు. మోడల్‌లో కొత్త ఫీల్డు చేరుస్తారు. పాత చీటీల్లో అది లేదు. చదివేటప్పుడు ఏ గొడవా ఉండదు, ఖాళీ విలువ వస్తుంది. కానీ ఆ ఫీల్డు తప్పనిసరి అని ప్రకటించి ఉంటే, పాత చీటీని దిద్ది సేవ్ చేయబోయినప్పుడు ఎర్రర్ వస్తుంది. అందుకే కొత్త ఫీల్డును ముందు ఐచ్ఛికంగా చేర్చండి. పాత ఐటమ్‌లు నింపాక, నిజంగా అవసరమైతేనే తప్పనిసరి చేయండి.

దీనికంటే పెద్ద గండం ఒకటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్ని యంత్రాల మీద, పాత సాఫ్ట్‌వేర్ కొన్నిటి మీద కాసేపు కలిసి నడుస్తాయి. పాత మోడల్‌కు ఎస్‌ఎన్‌ఎఫ్ గురించి తెలియదు. కొత్త చీటీని అది చదివినప్పుడు ఆ ఫీల్డును పట్టించుకోదు. సేవ్ చేసినప్పుడు ఐటమ్ మొత్తం మార్చేస్తుంది గనుక ఎస్‌ఎన్‌ఎఫ్ మాయమవుతుంది. దిద్దుబాట్లన్నీ అప్‌డేట్‌తో చేసే అలవాటు ఉంటే ఈ ప్రమాదం దగ్గరకు రాదు. నా సలహా సూటిగా ఇది: కొత్త ఐటమ్‌కు షరతుతో సేవ్, ఉన్న ఐటమ్‌కు అప్‌డేట్. ఇది మీ జట్టు నియమంగా పెట్టుకోండి.

ఎప్పుడు వద్దనాలి

ప్రతి పనికీ డైనమోడీబీ, పైనమోడీబీ జోడీ సరిపోదు. ‘గత మూడేళ్లలో వేసవిలో ఫ్యాట్ ఎక్కువ వచ్చిన గేదెలున్న ఊళ్లు ఏవి’ లాంటి ప్రశ్నలు రోజుకొకటి పుట్టుకొచ్చే చోట డైనమోడీబీ ఇబ్బంది పెడుతుంది. దానికి పోస్ట్‌గ్రెస్ లాంటి రిలేషనల్ డేటాబేసే తగినది. లేదా డేటాను అమెజాన్ ఫైల్ నిల్వ సేవ ఎస్3కి ఎగుమతి చేసి అక్కడ విశ్లేషించుకోవచ్చు. మీ మూడు ప్రశ్నల కాగితం నెలకోసారి మారిపోతుంటే, అది మీకు ఆ మాటే చెబుతోంది. ఆ సంగతి మీటింగులో గొంతు విప్పి చెప్పడం కూడా మీ ఉద్యోగంలో భాగమే. ‘ఇది ఈ పనికి తగదు, కారణాలివి’ అని అంకెలతో చెప్పగలిగిన జూనియర్‌ను ఏ సీనియరైనా గౌరవిస్తాడు.

ఈ వారం చేయాల్సినవి

1. మీరిప్పుడు పనిచేస్తున్న టేబుల్ ఒకటి తీసుకుని, దాన్ని మీ సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలన్నీ మామూలు తెలుగులో రాయండి. ఒక్కో ప్రశ్న ఎదుట దాన్ని తీర్చే కీ లేదా ఇండెక్స్ రాయండి. ఎదుట ఖాళీ ఉన్న ప్రశ్నలే రేపటి సమస్యలు.

2. కోడ్‌లో స్కాన్ ఎక్కడెక్కడుందో వెతకండి. ఒక్కోదానికీ ఐటమ్‌ల సంఖ్య, సగటు బైట్లు గుణించి ఖర్చు లెక్కకట్టండి.

3. ప్రతి సేవ్ దగ్గరా ఆగి, ‘ఇద్దరు ఒకేసారి ఇక్కడికొస్తే ఏమవుతుంది’ అని అడగండి. జవాబు నచ్చకపోతే అప్‌డేట్, వెర్షన్, షరతు, ఈ మూడింటిలో ఏది కావాలో ఎంచుకోండి.

4. డైనమోడీబీ లోకల్ మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఒకే ఐటమ్‌ను రెండుసార్లు చదివి, రెండు వేర్వేరు ఫీల్డులు మార్చి, రెండూ సేవ్ చేయండి. ఏది మిగిలిందో మీ కళ్లతో చూడండి. తర్వాత వెర్షన్ యాట్రిబ్యూట్ చేర్చి మళ్లీ చేయండి.

5. లాగింగ్ స్థాయిని డీబగ్‌కు మార్చి, మీ ప్రోగ్రాం ఒక్క తెర చూపడానికి క్లౌడ్‌కు ఎన్ని పిలుపులు పంపుతోందో లెక్కపెట్టండి.

ఈ అయిదూ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ప్రత్యేకమైన తెలివీ అక్కర్లేదు. కావాల్సింది ఓపిక, కింద ఏం జరుగుతోందో చూడాలన్న పట్టుదల. లైబ్రరీలు వస్తాయి, పోతాయి. పైనమోడీబీ స్థానంలో రేపు ఇంకొకటి రావచ్చు. కీ ఎలా ఎంచుకోవాలి, ఒక్క చదువుకు ఖర్చెంత, ఇద్దరు ఒకేసారి రాస్తే ఏమవుతుంది అనే ప్రశ్నలు మాత్రం ప్రతి డేటాబేస్‌తోనూ మళ్లీ ఎదురవుతాయి. వాటికి జవాబు చెప్పగలిగినవారికి ఏ కొత్త లైబ్రరీ అయినా వారంలో వశమవుతుంది. మీరు రాసే ప్రతి ‘సేవ్’ వెనుక ఎవరిదో కష్టార్జితం ఉంది. అది చెక్కుచెదరకుండా చూసే బాధ్యత మీది. ఈరోజే కాగితం తీసి మీ మొదటి ప్రశ్న రాయండి.